ఎర్తింగ్ కొలిచాకే నెట్ మీటర్

డాబా మీద సోలార్ పెట్టించుకునేవాళ్లు బేరమాడేటప్పుడు అడిగేవి చాలావరకు ఒకేలా ఉంటాయి. ఎన్ని కిలోవాట్లు వేస్తారు, సబ్సిడీ పోగా చేతి నుంచి ఎంత పెట్టుకోవాలి, కరెంటు బిల్లు ఎంత తగ్గుతుంది? కాస్త తెలిసినవాళ్లయితే ప్యానెల్ ఏ కంపెనీది, ఇన్వర్టర్‌కి వారంటీ ఎన్నేళ్లు అని కూడా వాకబు చేస్తారు. ఎర్త్ పిట్‌లు ఎన్ని తవ్వుతారు, కొలిస్తే ఎన్ని ఓమ్‌లు వచ్చాయి, ప్యానెళ్ల నుంచి కిందికి దించే వైరు ఏ రకం అని అడిగేవాళ్లు తక్కువ. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. ఎర్తింగ్ సరిగా లేకపోయినా మొదటి రోజు నుంచే కరెంటు తయారవుతుంది, ఫోన్‌లో యూనిట్లు కనిపిస్తాయి, బిల్లు తగ్గుతుంది. లోపం బయటపడేది ఏ మూడో ఏటో, ఐదో ఏటో, ముసురు పట్టిన రోజునో పిడుగులు పడే సాయంత్రమో. కొన్న రోజున కనిపించని నాణ్యతకు బజారులో ధర పలకదు. పోటీకి రేటు తగ్గించుకోవాల్సిన వ్యాపారి మొట్టమొదట కోత పెట్టేది అక్కడే. అందుకే ఈ సంగతిని కొనేవాళ్ల జాగ్రత్తకో అమ్మేవాళ్ల మంచితనానికో వదిలేయకూడదు. ఎర్తింగ్ కొలిచి, వచ్చిన అంకె రాసి, వైరు రకం నమోదు చేసి, ఆ కాగితం ఇంటివాళ్ల చేతిలో పెట్టేదాకా నెట్ మీటర్ బిగించకూడదు, సబ్సిడీ జమ చేయకూడదు.

ఈ మాట ఇప్పుడే గట్టిగా అనాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 75,021 కోట్ల రూపాయల వ్యయంతో కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కి 30,000, మూడో దానికి 18,000, మొత్తం మీద 78,000 రూపాయల దాకా కేంద్రం ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్లు ఉచితంగా పెట్టిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చింది. అదే 2024లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించి, 10 కిలోవాట్ల వరకు సాంకేతిక సాధ్యాసాధ్యాల పరిశీలన అక్కర్లేదని తేల్చింది. నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది కాబట్టి ఇది మంచి మార్పే. అయితే పెట్టేముందు పరిశీలన తీసేసినప్పుడు, పెట్టాక జరిగే పరీక్ష బిగువుగా ఉండాలి. లేకపోతే పాతికేళ్లు ఎండావానల్లో పనిచేయాల్సిన విద్యుత్ కేంద్రం ఒకటి, ఎవరూ సరిగా చూడకుండానే ఇంటి నెత్తిన కూర్చుంటుంది.

విద్యుత్ కేంద్రం అనడం అతిశయోక్తి కాదు. ఇంటి కరెంటుతో మనకు తరాల అలవాటు ఉంది, ఆ అలవాటే ఇక్కడ పొరపాట్లకు మూలం. మూడు కిలోవాట్లకు సాధారణంగా 540 వాట్ల ప్యానెళ్లు ఆరు వరసగా కలుపుతారు. లోడ్ లేనప్పుడు ఒక్కో ప్యానెల్ దాదాపు 50 వోల్టులు చూపిస్తుంది, ఆరూ కలిస్తే 300. ఇది డీసీ. మన ఇళ్లలో ఉండే 50 హెర్ట్జ్ ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకి వచ్చి వెళుతుంది, కాబట్టి వదులైన కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ పుట్టినా ఆరిపోయే అవకాశం ఉంటుంది. డీసీకి ఆ విరామం లేదు. ఒకసారి ఆర్క్ మొదలైతే వెల్డింగ్ చేసినట్టు అలాగే మండుతుంది. ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో షార్ట్ సర్క్యూట్ అయితే వందల ఆంపియర్లు ప్రవహించి ఎంసీబీ వెంటనే పడిపోతుంది. ప్యానెల్ అలా కాదు. మామూలుగా 13 ఆంపియర్లు ఇచ్చే ప్యానెల్‌ని షార్ట్ చేసినా 14 దగ్గరే ఆగుతుంది. ఆ చిన్న తేడాకి ఫ్యూజు కాలదు, ఎంసీబీ కదలదు. పైగా ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌ని ఆపే స్విచ్చే లేదు. కింద ఇన్వర్టర్ కట్టేసినా, మెయిన్ ఆపేసినా, పైనున్న వైర్లలో 300 వోల్టులు అలాగే ఉంటాయి. ‘ఏదైనా అయితే ఎంసీబీ పడిపోతుంది కదా’ అన్న ధీమా డాబా మీద చెల్లదు. అక్కడ మనల్ని కాపాడేవి రెండే: వైరు మీదున్న తొడుగు, ఆ తొడుగు చెడినప్పుడు సంగతి బయటపెట్టే ఎర్తింగ్.

ఆ బయటపెట్టడం ఎలాగో తెలిస్తేనే ఎర్తింగ్ విలువ అర్థమవుతుంది. ఇప్పటి ఇన్వర్టర్లు ఎక్కువగా ట్రాన్స్‌ఫార్మర్ లేనివి. ఇవి పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు ప్యానెళ్ల వైర్లకూ భూమికీ మధ్య ఇన్సులేషన్ ఎంతుందో చూసుకుంటాయి. లీకేజీ ఉంటే తప్పు చూపించి ఆగిపోతాయి. కానీ ప్యానెల్ ఫ్రేముని, దాన్ని మోసే ఇనుప స్ట్రక్చర్‌ని ఎర్త్ చేయకపోతే, వైరు ఒరుసుకుపోయి ఫ్రేముకి తగిలినా ఆ లీకేజీ భూమిదాకా చేరదు. ఇన్వర్టర్‌కి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఫ్రేము మాత్రం వందల వోల్టులతో కాచుకుని ఉంటుంది. మన డాబాలు మనుషులు తిరగని చోట్లు కావు. బట్టలు ఆరేస్తాం, వడియాలు పెడతాం, ఎండాకాలం రాత్రుళ్లు పడుకుంటాం, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. తడిచేత్తో స్ట్రక్చర్‌ని పట్టుకునేది ఇంట్లోవాళ్లే. ఇన్వర్టర్‌లోనే అన్ని రక్షణలూ ఉన్నాయి, వేరే ఎర్తింగ్ దండగ అనే వాదనకు జవాబు ఇందులోనే ఉంది. ఇన్వర్టర్ రక్షణలు పనిచేసేదే ఎర్తింగ్ ఆధారంగా.

పేరుకి ఎర్తింగ్ చేసిన చోట కూడా పని సగంలో ఆగిపోవడం ఇంకో సమస్య. ప్యానెల్ ఫ్రేము అల్యూమినియం, దానిమీద అనోడైజింగ్ పూత ఉంటుంది. తుప్పు పట్టకుండా కాపాడే ఆ పూత కరెంటుని పోనివ్వదు. కాబట్టి ఫ్రేముని ఇనుప స్ట్రక్చర్‌కి బోల్టుతో బిగించినంత మాత్రాన రెంటి మధ్య కరెంటు దారి ఏర్పడినట్టు కాదు. పూతని గీరి లోపలి లోహాన్ని పట్టుకునే పళ్ల వాషర్లు కావాలి, లేదా ఫ్రేము మీద ఎర్త్ గుర్తు వేసిన రంధ్రం దగ్గర లగ్గు పెట్టి, ఒక ప్యానెల్ నుంచి ఇంకో ప్యానెల్‌కి పచ్చ-పసుపు వైరు కలుపుకుంటూ పోవాలి. ఆ లగ్గు ఉత్త రాగిది అయితే అల్యూమినియంని తాకిన చోట తేమ తగిలి కొన్నాళ్లకే తెల్లగా పొడి రాలుతుంది. ఆ పొడి పట్టిన జాయింటు కంటికి బిగువుగానే కనిపిస్తుంది, దారి మాత్రం తెగిపోయి ఉంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. టిన్ పూసిన లగ్గు, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు వాడితే సరిపోయే పని ఇది. ఒక ప్యానెల్ ఫ్రేము మీద మీటరు ఒక కొస, ఎర్త్ పిట్ దగ్గర రెండో కొస పెట్టి చూస్తే దారి ఉందో లేదో క్షణంలో తేలిపోతుంది. నా ఉద్దేశంలో ఓమ్‌ల లెక్క కన్నా ముందు చూడాల్సింది ఈ తెగని దారినే.

ఓమ్‌ల లెక్కా తక్కువది కాదు. కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ సాంకేతిక ప్రమాణాల ప్రకారం ఎర్త్ రెసిస్టెన్స్ 5 ఓమ్‌లు దాటకూడదు. ఎర్తింగ్ ఎలా చేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 3043. సాధారణంగా డీసీ వైపుకి ఒకటి, ఏసీ వైపుకి ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి, మొత్తం మూడు పిట్‌లు వేస్తారు. అయితే నేల అంతటా ఒకేలా ఉండదు. కృష్ణా డెల్టా నల్లరేగడిలో ఒక కడ్డీ దించితే వచ్చే ఫలితం హైదరాబాద్ గ్రానైట్ మీద, అనంతపురం రాతినేలలో రాదు. అక్కడ లోతుగా బోరు వేయాలి, లేదా రెండు మూడు కడ్డీలు దూరం దూరంగా దించి కలపాలి. రుతువుని బట్టి కూడా అంకె మారుతుంది. శ్రావణంలో తడినేల మీద 4 ఓమ్‌లు చూపించిన పిట్ మే నెలలో దాన్ని చాలా దాటిపోవచ్చు. మన పిడుగులు ఎక్కువగా పడేది ఆ ఎండాకాలం చివరనే. అందువల్ల వానాకాలంలో తీసిన అంకెతో తృప్తి పడకుండా వేసవిలో ఇంకోసారి కొలవాలి. ఇన్ని తెలిసీ కొన్నిచోట్ల సోలార్ ఎర్త్ వైరుని తెచ్చి ఇంటి పాత ఎర్తింగ్‌కో, నీళ్ల పైపుకో చుట్టేస్తారు. ఇళ్లలో జీఐ పైపులు పోయి ప్లాస్టిక్ పైపులు వచ్చి ఎన్నాళ్లయింది! ఆ వైరు ఎక్కడికీ వెళ్లదు.

పిడుగుల మాట వచ్చింది కాబట్టి, కడ్డీ పెడితే పిడుగుని పిలిచినట్టే అనే భయం గురించి చెప్పాలి. 2018 ఏప్రిల్ చివరి వారంలో ఒక్కరోజే 13 గంటల వ్యవధిలో ఆంధ్రప్రదేశ్‌లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకి చనిపోతున్నారు. కడ్డీ ఎక్కడో పడాల్సిన పిడుగుని లాక్కురాదు. మన ఇంటి మీదే పడబోయేదానికి మాత్రం ప్యానెళ్లనూ వైర్లనూ తప్పించి నేలలోకి దారి ఇస్తుంది. ఆ దారి తిన్నగా, వంకర్లు లేకుండా, డీసీ వైర్లకి దూరంగా దిగాలి. రెంటినీ ఒకే పైపులో దించితే కడ్డీ పెట్టిన ప్రయోజనమే పోతుంది. దగ్గరలో పడ్డ పిడుగు కూడా వైర్లలో వోల్టేజీని ఎగదోస్తుంది కాబట్టి ప్లస్, మైనస్ వైర్లు రెండూ పక్కపక్కనే నడవాలి. ఒకటి ఈ గోడ మీదా ఇంకొకటి ఆ గోడ మీదా దించితే మధ్య ఏర్పడే పెద్ద చుట్టు ఆ వోల్టేజీని మరింతగా పట్టుకుంటుంది. డీసీ పెట్టెలో ఉండే సర్జ్ ప్రొటెక్టర్ అదనపు వోల్టేజీని భూమిలోకి నెడుతుంది, సరైన ఎర్త్ లేకపోతే నెట్టడానికి దానికి చోటే లేదు. మూడు పిట్‌లూ దేనికది విడిగా ఉండాలా, నేలలో కలపాలా అన్నదాని మీద మేస్త్రీల మధ్య వాదులాట ఉంది. ఒకే ఇంట్లో రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా వస్తే ఆ తేడా పరికరాల గుండా, మనుషుల గుండా పోతుంది. కాబట్టి పిట్‌లు ఎన్ని ఉన్నా చివరికి అన్నీ ఒకే పొటెన్షియల్‌లో ఉండాలన్న సూత్రమే సరైనదని నా అభిప్రాయం. పొలాల మధ్య ఒంటరిగా ఉన్న డాబాకీ, అపార్ట్‌మెంట్ల నడుమ ఇమిడిపోయిన ఇంటికీ పిడుగు ముప్పు ఒకటే కాదన్నది నిజం. ఆ నిర్ణయం ఇంజినీరు రాతపూర్వకంగా చేయాలి. ఖర్చు చూసుకుని వ్యాపారి చేసేది కాదు.

ఇక వైరు. ఇక్కడ అమ్మేవాళ్ల వాదనలో కొంత నిజం ఉంది, దాన్ని ఒప్పుకునే ముందుకు వెళ్లాలి. సన్నవైరు వేస్తే కరెంటు బోలెడు వృథా అవుతుందని కొందరు భయపెడతారు. డీసీ వైపు అది అంత పెద్ద లెక్క కాదు. 13 ఆంపియర్లు, 20 మీటర్ల దూరం, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అనుకుంటే వోల్టేజీ నష్టం సుమారు ఒక శాతం. 2.5 వేస్తే 1.7 శాతం. ఆ తేడా కోసమే అయితే ఇంత మాట్లాడనక్కర్లేదు. అసలు సంగతి వైరు మీది తొడుగుది. ఇళ్లలో వాడే పీవీసీ వైరు 70 డిగ్రీల వేడికి తయారైనది. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం ప్యానెల్ అడుగున 65, 70 డిగ్రీలు మామూలే, వైరులో పారే కరెంటు పుట్టించే వేడి దానికి అదనం. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పీవీసీ గట్టిపడి, బీటలిచ్చి, పొట్టులా రాలుతుంది. సోలార్ కోసం చేసిన డీసీ వైరుకి ఐఎస్ 17293 ప్రమాణం ఉంది. దాని ప్రకారం 1500 వోల్టుల డీసీకి, రెండు పొరల తొడుగుతో, టిన్ పూసిన రాగి పోగులతో చేస్తారు. గుర్తుపట్టడం తేలిక. కొస చెక్కి చూస్తే పోగులు ఎర్రగా కాక వెండిరంగులో ఉంటాయి, తొడుగు మీద మీటరు మీటరుకీ ప్రమాణం నంబరు, వోల్టేజీ అచ్చయి ఉంటాయి. ‘పైపులోనే కదా వేస్తున్నాం, మామూలు వైరైతే ఏం’ అంటారు. ప్యానెళ్ల కింద వేలాడే భాగం పైపులో ఉండదు. పైపులో ఉన్న భాగానికి ఎండ తగలకపోయినా వేడి తగ్గదు, చేరిన వాననీళ్లు బయటికి పోవు. మందం పెంచితే సరిపోతుందనడమూ తప్పే. 6 చదరపు మిల్లీమీటర్ల పీవీసీ వైరైనా ఎండకి పెళుసెక్కక మానదు. వైరు ఎంత మంచిదైనా కొసన ఉండే కనెక్టరుని కటింగ్ ప్లేయరుతో నొక్కేస్తే, రెండు వేర్వేరు కంపెనీల ముక్కల్ని బలవంతాన జతచేస్తే, మొదట వేడెక్కేది ఆ జాయింటే.

మందం నిజంగా లెక్కలోకి వచ్చేది ఏసీ వైపు. ఇన్వర్టర్ డాబా మీదా మీటరు వీధి గేటు దగ్గరా ఉంటే మధ్య దూరం 40 మీటర్లు ఉండొచ్చు. దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నిండు ఎండలో దాదాపు 8 వోల్టుల తేడా వస్తుంది. కరెంటు ఇంటి నుంచి లైనులోకి వెళుతోంది కాబట్టి ఆ తేడా ఇన్వర్టర్ దగ్గర వోల్టేజీని పెంచుతుంది. మిట్టమధ్యాహ్నం లైనులో 246 ఉంటే ఇన్వర్టర్‌కి 254 కనిపిస్తుంది. 230కి 10 శాతం ఎక్కువ, అంటే 253 దాటితే ఇన్వర్టర్ లైను నుంచి విడిపోవాలన్నది నిబంధన. రోజులో ఎక్కువ కరెంటు వచ్చే గంటల్లోనే మిషను ఆగి ఆగి నడుస్తుంది. ఇంటాయన వ్యాపారిని తిడతాడు, వ్యాపారి డిస్కం మీదికి నెడతాడు. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి ఉంటే తేడా 3 వోల్టుల పైచిలుకుతో పోయేది.

‘ఏళ్ల తరబడి నడుస్తున్నాయి, ఎక్కడా ఏమీ కాలేదు’ అన్నది తరచుగా వినిపించే సమాధానం. దీనికి 2009 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో ఒక పెద్ద దుకాణం పైకప్పు మీద జరిగిన అగ్నిప్రమాదాన్ని గుర్తుచేయాలి. అది 383 కిలోవాట్ల సోలార్. ఒకచోట వైరు లోహానికి తగిలి లీకేజీ మొదలైంది, కాపలా ఉండాల్సిన ఫ్యూజుకి అది అందనంత చిన్నది. ఎవరికీ తెలియలేదు, ఉత్పత్తి నడుస్తూనే ఉంది. తర్వాత ఇంకోచోట రెండో లోపం వచ్చింది. రెండూ కలిసి మొత్తం కరెంటు పోకూడని దారిలో పోయి మంటలు లేచాయి. అక్కడి సర్క్యూటు అమరిక మన ఇళ్లలోని దానికి భిన్నమైనదే, ఆ తేడాని దాచిపెట్టి భయపెట్టడం న్యాయం కాదు. కానీ మొదటి లోపం నిశ్శబ్దంగా ఉంటుంది, రెండోది వచ్చేదాకా అంతా బాగున్నట్టే ఉంటుంది అన్న సంగతి ఏ డాబాకైనా వర్తిస్తుంది. నడుస్తోంది కాబట్టి క్షేమం అనుకోవడానికి వీల్లేదని ఆ ఘటన చూపించింది.

ఖర్చు మాటకొస్తే, మూడు కిలోవాట్లకి అయ్యే సుమారు రెండు లక్షల రూపాయల్లో మంచి వైరుకీ సరైన ఎర్తింగ్‌కీ పెరిగేది కొన్ని వేలు. రాతినేలలో ఇంకొంచెం ఎక్కువ. ఆ అదనాన్ని పేద ఇంటి మీద వేయకుండా టెండరులోనే కలపాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఉచితంగా పెట్టించే ఇళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. అక్కడ కంపెనీని ఎంచుకునేది ఇంటివాళ్లు కారు. బేరమాడే అవకాశమూ, నిలదీసే చొరవా వాళ్లకి తక్కువ. తక్కువ రేటు వేసినవాడికి పని దక్కే పద్ధతిలో, కొలత లేని ఎర్తింగ్ అంటే లేని ఎర్తింగే. డిస్కం సిబ్బంది అసలే చాలక ఉన్నారు, ఇన్ని ఇళ్లు ఎవరు కొలుస్తారు అన్నది న్యాయమైన ప్రశ్న. ప్రతి ఇంటికీ డిస్కం వెళ్లనక్కర్లేదు. ఎర్త్ టెస్టరుతో కొలవడం అరగంట పని. పని చేసిన కంపెనీ తరఫున లైసెన్సున్న సూపర్‌వైజరు కొలిచి, అంకె కనిపించేలా పిట్ పక్కనే మీటరు ఫోటో, వైరు మీది అచ్చు ఫోటో దరఖాస్తుకి జతచేయాలి. డిస్కం పదింట ఒక ఇంటిని చెప్పకుండా వెళ్లి వేసవిలో తిరిగి కొలవాలి. తేడా కనిపిస్తే ఆ కంపెనీ మిగతా పనుల సబ్సిడీ ఆపాలి. పథకం కింద అయిదేళ్ల నిర్వహణ బాధ్యత ఎలాగూ కంపెనీదే కాబట్టి ఏటా ఒక కొలత అందులో చేర్చడం కొత్త భారం కాదు. ఇప్పుడు వాడుకలో ఉన్న పని పూర్తి నివేదికల నమూనాల్లో కొన్నింటిలో ఎర్తింగ్ 5 ఓమ్‌ల లోపు ఉన్నట్టు ధ్రువీకరిస్తున్నామన్న వాక్యం ముందే అచ్చయి ఉంటుంది, కింద సంతకం పెట్టడమే తరువాయి. ఆ వాక్యం తీసేసి ఖాళీ గడి పెట్టాలి, మీటరు చూపించిన అంకె, కొలిచిన తేదీ అందులో చేత్తో రాయాలి.

ఈ మార్పుకి కొత్త చట్టం అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లోని మూడు డిస్కంలు, తెలంగాణలోని డిస్కంలు ఒక్కో సర్క్యులర్ ఇస్తే చాలు. అది వచ్చేలోగా సోలార్‌కి దరఖాస్తు పెట్టినవాళ్లకి ఒక విన్నపం. ఒప్పందం కాగితంలోనే వైరు ప్రమాణం, ఎర్త్ పిట్‌ల సంఖ్య రాయించుకోండి. పని అయ్యాక ఫ్రేము నుంచి పిట్ దాకా దారిని, పిట్‌ల రెసిస్టెన్స్‌ని మీ ఎదుట కొలిపించండి. చివరి విడత డబ్బు ఆ అంకె చేతికి వచ్చాకే ఇవ్వండి.